రెండు ఫోన్లూ ఒకేలా ఉంటే ఏది కొనాలి? ఎడిసన్‌లో కాంట్రాక్టు పని చేసేవాళ్లు చూసుకోవాల్సినవి

పాత ఫోన్ మార్చాలి, రెండు మోడళ్ల దగ్గర ఆగిపోయారు. ధర దాదాపు ఒకటే, సైజు ఒకటే. షాపులో వాళ్లు కెమెరా గురించే చెబుతారు. ప్రాజెక్టు ఎప్పుడు అయిపోతుందో తెలియని మనం మాత్రం ముందు సిమ్ సంగతి, లాక్ సంగతి చూసుకోవాలి. కెమెరా ఆ తర్వాత.

సిమ్ పెట్టే చోటు ఉందా?

గూగుల్ పిక్సెల్ 9, పిక్సెల్ 10 తీసుకోండి. మొదటిది 2024 ఆగస్టులో, రెండోది 2025 ఆగస్టులో వచ్చాయి. విడుదలప్పుడు రెండింటి ధరా 799 డాలర్లే. రెండూ 6.3 అంగుళాలవే, రెండింటికీ ఏడేళ్ల అప్‌డేట్లు ఉన్నాయి. పిక్సెల్ 10లో దూరం ఫొటోలకి ఇంకో కెమెరా ఎక్కువ. కానీ అమెరికాలో అమ్మే పిక్సెల్ 10లో సిమ్ కార్డు పెట్టే చోటే లేదు, అంతా ఈ-సిమ్. పిక్సెల్ 9లో కార్డూ పెట్టుకోవచ్చు, ఈ-సిమ్మూ వాడుకోవచ్చు. ఐఫోన్ అయితే 14 దగ్గర్నుంచి అమెరికా మోడళ్లలో కార్డు పెట్టే చోటు లేదు.

మనకి ఇది ఎందుకు ముఖ్యం? ఊళ్లో బ్యాంకు ఓటీపీ వచ్చేది ఇండియా నంబరుకే. ఎయిర్‌టెల్, జియో, వీఐ ఈ-సిమ్ ఇస్తాయి, కానీ ఇక్కడ కూర్చుని మార్చుకోవడం కంటే ఇండియా వెళ్లినప్పుడు మార్చుకోవడమే సులువు. ఇప్పట్లో ఊరు వెళ్లేది లేదు, ఇండియా నంబరు ఇంకా కార్డు మీదే ఉందంటే కార్డు పట్టే ఫోనే తీసుకోండి. రెండేళ్ల తర్వాత ఆ ఫోన్ అమ్మకో నాన్నకో పంపే ఆలోచన ఉన్నా ఇదే మాట. వాళ్ల కార్డు తీసి అందులో పెడితే చాలు.

"ఫ్రీ" ఫోన్ లెక్క

800 డాలర్ల ఫోన్ 36 నెలల మీద ఫ్రీ అన్నారనుకోండి. అంటే నెలకి 22 డాలర్ల 22 సెంట్లు బిల్లులో వేస్తారు, అంతే మొత్తం క్రెడిట్‌గా తీసేస్తారు. 14 నెలలకి లైను ఆపేస్తే క్రెడిట్ కూడా ఆగుతుంది. మిగిలిన 22 నెలలది, సుమారు 489 డాలర్లు, మీరే కట్టాలి. న్యూజెర్సీ సేల్స్ టాక్స్ 6.625 శాతం, మామూలుగా పూర్తి ధర మీద కొన్న రోజే తీసుకుంటారు. 800కి అది 53 డాలర్లు.

హెచ్-1బి మీద ఉద్యోగం పోతే ఇక్కడ ఉండగలిగేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఐ-94 గడువు అంతకంటే ముందే ఉంటే అప్పటిదాకానే. 60 రోజుల్లో సర్దుకోవాల్సి రావచ్చని తెలిసి 36 నెలల మాట ఇచ్చే ముందు ఆలోచించుకోండి. ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ బాకీ మొత్తం తీరకుండా లాక్ తీయవు. లాక్ ఉన్న ఫోన్‌లో ఇండియా సిమ్ పని చేయదు. బాకీ వదిలేసి వెళ్తే ఫోన్‌ని బ్లాక్ చేయొచ్చు, క్రెడిట్ రికార్డూ దెబ్బ తింటుంది.

కాబట్టి పని నికరంగా లేనప్పుడు, కొత్త మోడల్ "ఫ్రీ"గా లాక్‌తో వస్తుంటే, పాత మోడల్ లాక్ లేకుండా తగ్గింపు ధరకి దొరుకుతుంటే, పాతదే మంచి బేరం. గ్రీన్ కార్డు ఉండి, అదే కంపెనీ లైను మూడేళ్లు ఉంచుకుంటామన్న నమ్మకం ఉంటే క్రెడిట్ తీసుకోవచ్చు, తప్పు లేదు.

ఓక్ ట్రీ రోడ్ షాపుల్లో గానీ, తెలిసినవాళ్ల దగ్గర గానీ వాడిన ఫోన్ కొంటుంటే *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు చూడండి. అది బ్లాక్ లిస్టులో ఉందేమో ఆన్‌లైన్‌లో చూసి, మీ సిమ్ వేసి ఒక కాల్ చేసి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.

పాత ఫోన్ ఇచ్చే ముందు

కన్సల్టెన్సీ వాళ్ల వాట్సాప్ మెసేజీలు, పే స్టబ్ల ఫొటోలు, పని గంటల స్క్రీన్‌షాట్లు పాత ఫోన్లోనే ఉంటాయి. జీతం గొడవ వస్తే అవే మీ సాక్ష్యం. హెచ్-1బి వాళ్లని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపితే అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్‌కి డబ్ల్యుహెచ్-4 ఫారంతో ఫిర్యాదు చేయొచ్చు, దానికి గడువు 12 నెలలు. న్యూజెర్సీ చట్టం కింద బకాయి జీతానికి 2019 నుంచి గడువు ఆరేళ్లు. ఎక్స్ఛేంజ్ కింద వచ్చే వంద డాలర్ల కోసం ఆరేళ్ల రికార్డు చెరిపేసుకోకండి. అవన్నీ సొంత ఈమెయిల్‌కి పంపుకోండి, కంపెనీ మెయిల్‌కి కాదు.

బ్యాంకు యాప్‌లు, ఆఫీసు లాగిన్ కోడ్ ఇచ్చే యాప్ కొత్త ఫోన్‌లో పని చేస్తున్నాయని చూసుకున్నాకే పాతది చెరపండి. కొత్తది కొన్న రోజే పాతది అప్పగించాలని లేదు. ఎన్ని రోజులు గడువు ఇస్తారో అడిగి, రాతలో తీసుకోండి.