గోనెగుడ్డ మీద ఉన్ని: కొక్కెం, రేకు అచ్చు, పంచ్ సూది

ఉన్ని తివాచీల చరిత్రను పువ్వుల డిజైన్ల దగ్గర మొదలుపెట్టడం అలవాటు. ఈ పాఠంలో మనం అడుగున ఉన్న గుడ్డ దగ్గర మొదలుపెడదాం. పాత గోనెసంచి ఒకటి దొరికితే వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పడుగుకూ పేకకూ మధ్య చిన్న చిన్న కన్నాలు కనిపిస్తాయి. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోనూ, కెనడా తూర్పు తీరంలోనూ ఒక గృహకళ వ్యాపించడానికి ఈ కన్నాలు ముఖ్య కారణం.

19వ శతాబ్ది తొలి దశాబ్దాలలో న్యూ ఇంగ్లండ్ స్త్రీలు లినెన్ బట్ట మీద సూదితో ఉన్ని దారం కుట్టి తివాచీలు చేసేవారు. లినెన్ నేత ఒత్తుగా ఉండటం వల్ల పని నెమ్మదిగా సాగేది. శతాబ్ది మధ్యనాటికి బెంగాల్ జనపనార స్కాట్లండ్‌లోని డండీ మిల్లులలో గోనెగుడ్డగా మారి, సరుకుల సంచుల రూపంలో అట్లాంటిక్ దాటింది. ఖాళీ సంచిని విప్పి చట్రానికి బిగించి, కొక్కెంతో అడుగు నుంచి ఉన్ని పీలికను పైకి లాగితే లూపు ఏర్పడుతుంది. ముడి వేయనక్కరలేదు. పక్కపక్కనే ఒత్తుగా ఉన్న లూపులు, గుడ్డ నేత కలిసి వాటిని జారిపోకుండా పట్టి ఉంచుతాయి. చిరిగిన కోటు, పాత కంబళి అన్నీ ఇందులో పనికివచ్చేవి.

లూపు ఎంత ఎత్తు లేవాలో చెయ్యే నిర్ణయిస్తుంది. కాబట్టి స్పర్శగుణం, అంటే తాకితే తెలిసే ఉపరితల స్వభావం, పూర్తిగా పనిచేసే మనిషిదే. మెయిన్ రాష్ట్రంలోని వాల్డోబరో పేరుతో ప్రసిద్ధమైన తివాచీలలో పువ్వులు, పండ్లు వచ్చేచోట లూపులను ఎత్తుగా లాగి, కత్తెరతో గుండ్రంగా చెక్కినట్లు కత్తిరించారు. బొమ్మ నేల నుంచి ఉబికి వచ్చినట్లు ఉంటుంది. ఇటువంటి తివాచీలు చేసిన స్త్రీల పేర్లు చాలావరకు నమోదు కాలేదు.

పేరు నిలిచింది ఎడ్వర్డ్ శాండ్స్ ఫ్రాస్ట్‌ది. అదే రాష్ట్రంలోని బిడెఫర్డ్‌కు చెందిన ఈయన ఊరూరా తిరిగి రేకు సామాన్లు అమ్మేవాడు. 1860లలో రేకును కత్తిరించి స్టెన్సిల్ అచ్చులు చేసి, గోనెగుడ్డ మీద బొమ్మలు ముద్రించి అమ్మడం మొదలుపెట్టాడు. సింహం, పూలగుత్తులు, తుర్కీ తివాచీల నమూనాలు వాటిలో ఉండేవి. 1876లో వ్యాపారం వేరొకరికి అమ్మేశాడు. దీంతో ఎన్నో ఇళ్లలో ఒకే సింహం కనిపించసాగింది. కళ పతనం ఇక్కడే మొదలైందని కొందరు అంటారు. ఇది తొందరపాటు తీర్పు. బొమ్మ గీయడం రాదని వెనకాడిన స్త్రీకి ఆ అచ్చు గీతను మాత్రమే ఇచ్చింది. రంగుల ఎంపిక, పీలిక మందం, లూపు ఎత్తు ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి.

పంచ్ సూది వచ్చాక ఈ చివరిది కూడా చేయి జారింది. 1880లలో ఒహాయో రాష్ట్రం టొలెడోలో ఎబెనీజర్ రాస్ ఇటువంటి చేతి పరికరాన్ని అమ్మకానికి పెట్టాడు. కొక్కెం ముందువైపు నుంచి లూపును లాగుతుంది. పంచ్ సూది వెనకవైపు నుంచి దారాన్ని గుచ్చి ముందుకు నెడుతుంది. సూది ఎంత లోతు దిగితే లూపు అంత ఎత్తు. లోతు మార్చితే తప్ప ఎత్తుపల్లాలు రావు. పని వేగం మాత్రం బాగా పెరిగింది. వెనక నుంచి గుచ్చుతారు కనుక అక్షరాలను తిరగేసి గీసుకోవాలి. కొత్తగా నేర్చుకునేవారు ముందుగా పొరపడేది ఇక్కడే.

న్యూఫౌండ్లాండ్, లాబ్రడార్ తీరంలో కొక్కెం పని కూలిపనిగా మారింది. 1892లో అక్కడికి వచ్చిన ఇంగ్లిష్ వైద్యుడు విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ నడిపిన మిషన్, వర్తకుల అప్పుల్లో కూరుకుపోయిన మత్స్యకార కుటుంబాల స్త్రీలకు గోనెగుడ్డ, డిజైన్ ఇచ్చి తివాచీలు చేయించింది. ధ్రువపు ఎలుగుబంటి, కుక్కలు లాగే బండి వంటివి ఆ బొమ్మలు. లూపులు తిన్నని అడ్డవరుసలలో, ఎంతో సన్నగా, దగ్గర దగ్గరగా ఉండాలి. 1920లలో విరాళంగా వచ్చిన పాత పట్టు మేజోళ్లకు రంగు వేసి, పీలికలుగా కత్తిరించి వాడారు. దానితో తివాచీ ముఖం మరింత నునుపైంది. వెనకవైపు కుట్టిన పట్టీ మీద గ్రెన్‌ఫెల్ పేరు ఉంటుంది. వరుసలు లాగిన స్త్రీ పేరుకు అందులో చోటు లేదు.