వచ్చే కాలిని ఊడ్చే విద్య

చెరువు రేవులో పాచి పట్టిన మెట్టు మీద ఎప్పుడైనా కాలు వేసినవాళ్లకి జూడో మొదటి పాఠం సగం వచ్చినట్టే. పాదం ఇంకా పూర్తిగా ఆనలేదు. ఒళ్లు మాత్రం దాన్ని నమ్ముకుని ముందుకు వచ్చేసింది. సరిగ్గా అప్పుడే కింద జర్రుమంటుంది. పడేవాడు పహిల్వానా, బక్కప్రాణా అని పాచి చూడదు. పాచి చేసే ఆ పనినే మనిషి తన అరికాలితో చేస్తే జపాన్‌వాళ్లు దాన్ని ‘దె అషి హరై’ అన్నారు.

‘దె’ అంటే ముందుకొచ్చే, ‘అషి’ అంటే కాలు, ‘హరై’ అంటే ఊడ్పు. కొందరు హరై అనకుండా బరై అంటారు. తప్పేం కాదు. రెండు మాటలు కలిసినప్పుడు రెండోదాని మొదటి హల్లు మారడం జపనీస్‌లో మామూలే. బళ్లో గసడదవాదేశ సంధి బట్టీ పట్టినవాళ్లం, మనకి అది వింతగా తోచకూడదు. జూడోకి పుట్టిల్లయిన టోక్యో కొడోకాన్ మాత్రం హరై అనే రాస్తుంది.

ఈ విద్యలో ఇంకో మాట తరచూ వినిపిస్తుంది, ‘గరి’ అని. అది కోత. కొడవలితో దుబ్బు కోసినట్టు, బరువంతా మోస్తున్న కాలిని తెగ్గోసేయడం. ఊడ్పు అలాంటిది కాదు. నాటుకున్న దుబ్బుని చీపురుతో ఎవరూ ఊడ్వరు, రాలిన ఆకునే ఊడుస్తారు. కాలు నేల మీద నాటుకుందా, ఇంకా వచ్చి వాలుతోందా అన్నదాన్ని బట్టి కొడవలా, చీపురా అన్నది తేలుతుంది. శాస్త్రమంతా చెప్పకపోయినా ఈ రెండు పేర్లు సరిగ్గా అర్థమైతే చాలని నాకనిపిస్తుంది.

కాళ్లు లాగి పడేయడం జూడోతో పుట్టలేదు. సుమోలో ఉంది, పాత జుజుత్సు శాఖల్లో ఉంది. ఆ మాటకొస్తే పిల్లలు కొట్టుకునే ప్రతి వీధిలోనూ ఉంది. దానికి లెక్క కట్టి, బడిలో చెప్పుకునే పాఠంగా మలిచినవాడు జిగోరో కానో. 1860లో కోబె దగ్గర మికాగెలో, సాకె సారా కాచే కుటుంబంలో పుట్టాడు. పొట్టివాడు, బలహీనుడు. తోటి పిల్లలు ఏడిపించేవారు. 1877లో హచినొసుకె ఫుకుదా దగ్గర తెన్‌జిన్ షిన్యో శాఖ జుజుత్సులో చేరాడు. అక్కడ తనకంటే బాగా బరువున్న సహాధ్యాయి ఒకడు ఎంతకీ కొరుకుడు పడలేదు. కానో సుమో పట్లు ప్రయత్నించాడు, లాభం లేకపోయింది. చివరికి గ్రంథాలయంలో పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగేసి, మనిషిని భుజాల మీదికి ఎత్తి పడేసే పట్టు ఒకటి పట్టుకొచ్చాడు. దెబ్బ తిన్నవాడు పుస్తకాల దగ్గరికి పరిగెత్తడం నాకు ఆయనలో నచ్చే గుణం.

1882లో టోక్యోలోని ఏషోజి అనే బౌద్ధాలయంలో 12 చాపలు పట్టే గదిలో ఆయన సొంత బడి పెట్టాడు. మన లెక్కలో రెండు వందల చదరపు అడుగుల చిల్లర. అదే కొడోకాన్. కుర్రాళ్లు పడుతుంటే గుడి అదిరిపోయి, లోపల పెట్టిన పితృదేవతల పేరు పలకలు దొర్లిపడేవని చెబుతారు. సన్యాసులకి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు.

ఊడ్పు వెనకున్న సూత్రానికి మూలం మాత్రం కితో శాఖ జుజుత్సు గురువు ఇకుబొతో కానో చేసిన సాధనలో ఉంది. ఇకుబొ యాభై దాటినవాడు. అయినా ఎప్పుడూ ఆయనదే పైచేయి. ఒకరోజు ఉన్నట్టుండి కానో ఆయన్ని వరసగా పడేశాడు. గురువు ఆశ్చర్యపోయాడు. కానో చెప్పిన కారణం చిన్నదే. ముందు అవతలివాడి తూకం తప్పించాలి, ఆ తర్వాతే పట్టు వేయాలి. దీన్నే ‘కుజుషి’ అన్నారు. ఇక నీకు నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదని ఇకుబొ అన్నాడట. మిగతా పట్లలో మనిషిని లాగో నెట్టో తూకం తప్పించాలి. ఊడ్పులో ఆ శ్రమ చాలామటుకు అవతలివాడే పడతాడు, ఎందుకంటే నడకంటేనే అడుగడుగునా తూకం పోగొట్టుకుని మళ్లీ పట్టుకోవడం. ఆ మళ్లీ పట్టుకోవడానికి కాలు లేకుండా చేస్తే సరి.

1895లో కొడోకాన్ 42 పట్లని అయిదు వర్గాలుగా కూర్చింది. పేరు ‘గొక్యో’. దె అషి హరై మొదటి వర్గంలోనే ఉంది కానీ మొదటిది కాదు. 1920లో జాబితాని మళ్లీ సవరించారు. ఎనిమిదింటిని తీసేసి ఆరింటిని చేర్చడంతో లెక్క 40కి వచ్చింది. ఈసారి దె అషి హరై అన్నిటికంటే ముందు కూర్చుంది. దీంతో పడినవాడు ఎత్తు నుంచి పడడు, ప్రక్కకి వాలతాడు. చేత్తో చాపని చరిచి దెబ్బ తప్పించుకోవడం నేర్చుకునే కొత్తవాడికి ఇంతకంటే మెత్తటి పాటు దొరకదు. కానీ పడేవాడికి సులువైంది పడేసేవాడికీ సులువు కావాలనేముంది? పుస్తకంలో మొదటిదైన ఈ పట్టు పోటీలో చేతికి, కాదు, కాలికి వచ్చేసరికి ఏళ్లు పడుతుంది.

నేర్చుకునే తీరు ఇలా ఉంటుంది. అవతలివాడి కుడికాలు ముందుకు వస్తోంది. మన ఎడమ అరికాలు లోపలికి తిరిగి, చిటికెనవేలి అంచు చాపని రాసుకుంటూ వెళ్లి, అతని మడమ పైన చీలమండకి వెలుపలి వైపు తగలాలి. మోకాలు వంచి తన్నకూడదు. నడుము నుంచి కాలంతా ఒక్కటిగా కదలాలి. అదే క్షణంలో అతని చొక్కా చేతిని పట్టుకున్న మన చెయ్యి కిందికి లాగాలి. తొందరపడితే అతను కాలు ఎత్తి నవ్వుతూ పక్కన పెడతాడు. ఆలస్యమైతే బరువు దిగిపోయి ఉంటుంది, గుంజని తన్నినట్టే. కొత్తల్లో అందరి ముంగాళ్లూ కమిలేది ఆ ఆలస్యం వల్లే. అందుకే గురువులు ముందు ఎవరినీ పట్టుకోనివ్వరు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక్కొక్క అడుగుకి ఒక్కొక్క ఊడ్పు చొప్పున ఒంటరిగా నడిపిస్తారు. చూసేవాళ్లకి ఇల్లు ఊడుస్తున్నారా అనిపిస్తుంది.

ఊడ్పుకి విరుగుడూ ఉంది, దాని పేరు ‘త్సుబామె గయెషి’. త్సుబామె అంటే వానకోయిల. ఎగురుతున్న ఆ పిట్టని నరికేవాడని కథలకెక్కిన ససాకి కొజిరో కత్తి దెబ్బకి ఉన్న పేరిది. 1612లో ముసాషి అనే మరో కత్తివీరుడి చేతిలో చచ్చిపోయిన కొజిరోనే. ఊడ్వడానికి వస్తున్న పాదం కింద నుంచి మన కాలు మడిచి పైకి తీసేసి, అది ఖాళీగా దాటిపోతుండగా అదే పాదాన్ని వెనక నుంచి ఊడ్చేయాలి. 1955లో తీసిన చిత్రంలో డెబ్బై దాటిన జూడో గురువు క్యుజో మిఫునె కుర్రాళ్ల నడుమ ఎలా కదులుతాడో చూస్తే, కాలు తీయడం కూడా ఒక పట్టేనని తెలుస్తుంది.

జూడో మన దేశానికి త్వరగానే వచ్చింది. 1905లోనే జిన్నొసుకె సానో శాంతినికేతన్‌లో నేర్పాడు. అప్పటికి పాత 42 పట్ల జాబితానే నడుస్తోంది. 1929లో రవీంద్రనాథ్ టాగూర్ పిలుపు మీద షిన్‌జో తకగాకి వచ్చేనాటికి ఊడ్పు మొదటి పీటకి చేరింది.

2010లో అంతర్జాతీయ జూడో సమాఖ్య చేతులతో కాళ్లు పట్టి లాగడానికి కళ్లెం వేసింది. 2013కల్లా పూర్తిగా మాన్పించింది. ఒకప్పుడు వంగి కాళ్లు అందుకునే మల్లులు ఇప్పుడు నిటారుగా నిలబడక తప్పదు. నిటారుగా ఉన్నవాడు నడుస్తాడు. నడిచేవాడి కాలు ఏదో ఒక క్షణం గాల్లోంచి నేలకి వస్తూ ఉంటుంది.