పెట్టిన పేరు - వ్రాసిన పేరు

హైదరాబాదు నుండి మేడ్చలు దారిని ఉత్తరముగా పోవువానికి కుత్బుల్లాపూర్ నేడు ప్రత్యేకముగా ఒక ఊరని తోచదు. ఇండ్లు, అంగళ్లు, కర్మాగారములు ఎడతెగక సాగిపోవును. కాని పేరు మాత్రము తన పూర్వపు రూపమును విడువలేదు. 'కుత్బ్' అనునది అరబ్బీ పదము. ఇరుసు, ధ్రువతార అని దాని యర్థము. గోలకొండను 1518 మొదలు 1687 వరకు ఏలిన వంశము పేరునందున్నదియు ఈ పదమే. 'పూర్' అనునది సంస్కృతమందలి 'పుర' శబ్దము. ఇరుగుపొరుగున కొంపల్లి, దూలపల్లి, జీడిమెట్ల వంటి తెలుగు పేర్లు నిలిచియుండగా, వాని ప్రక్కనే బహదూర్‌పల్లి యను కలగలుపు పేరును నిలిచినది. 'బహదూర్' పారసీకము, 'పల్లి' మనది. ఈ కలయికను వింతగా చూచిన పల్లెవాడు ఎన్నడును లేడు.

ఈ ప్రాంతపు ఊళ్లలో కొన్నింటికి ఇంటిపేర్లు సైతము కలవు. గాజులరామారము, గుండ్లపోచంపల్లి అను పేర్లను చూడుడు. రామారములు, పోచంపల్లులు తెలంగాణమున పెక్కు గలవు. ఏ రామారమని యడిగినవానికి బదులు చెప్పుటకు ముందొక మాట చేర్చవలసి వచ్చినది. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావేకు తొలి భూదానము లభించిన పోచంపల్లి తరువాత భూదాన్ పోచంపల్లి యైనదియు ఈ తీరుననే. మనుష్యుని ఇంటిపేరు పుట్టుటకును మూలము ఇట్టి అక్కఱయే. ఊరిలో ఇద్దరు మల్లయ్యలున్నచో ఒక మల్లయ్యకు ముందు ఏదో యొక గుర్తు పెట్టక తప్పదు.

ఆ గుర్తులలో మిక్కిలి యెక్కువైనవి ఊరిపేర్లు. కొంపల్లిలో ఉన్నంతకాలము ఎవనిని 'కొంపల్లి' యని పిలువవలసిన పని లేదు. అక్కడ అందరును కొంపల్లివారే. అతడు శామీర్‌పేటకు పోయి నిలిచిన నాటినుండియే ఆ మాటకు ప్రయోజనము కలుగును. కావున ఇంటిపేరులోని ఊరు సాధారణముగా ఆ వంశమువారు విడిచివచ్చిన ఊరు. హైదరాబాదు రాష్ట్రమునకు 1952 నుండి 1956 వరకు ముఖ్యమంత్రిగా నుండిన బూర్గుల రామకృష్ణారావు ఇంటిపేరు మొదట పుల్లంరాజు. షాద్‌నగరు సమీపమందలి బూర్గుల వారి స్వగ్రామము. ఆ గ్రామనామమే పాత ఇంటిపేరును త్రోసివేసి దాని స్థానమున నిలిచినది. భాషయు ఇందుకు సాక్ష్యమిచ్చుచున్నది. 'పాడు' అని ముగియు ఊరు ఇంటిపేరుగా మారునప్పుడు 'పాటి' యగును. మాడపాటి హనుమంతరావు ఇంటిపేరులోని తుది భాగము అట్టిది. ఫలానా యూరి యొక్క మనిషి యను సంబంధము ఆ విభక్తిలోనే యిమిడియున్నది. బమ్మెర పోతన, పాలకురికి సోమనాథుడు తమ ఊళ్లను ఈ విధముగనే వెంటబెట్టుకొని సాహిత్యములోనికి వచ్చిరి. చెట్టుచేమల వలన వచ్చిన ఇంటిపేర్లును లేకపోలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారిలో ఒకరు రావిచెట్టు రంగారావు.

పుట్టినప్పుడు పెట్టు పేర్లకు వత్తుము. మేడ్చలు, శామీర్‌పేట పల్లెలలో పెద్దతరము పేర్లు వినిన చాలును, ఏ దేవతకు ఎవరు మ్రొక్కిరో తెలియును. యాదగిరిగుట్ట నరసింహస్వామి వలన యాదయ్య, యాదమ్మ, నర్సింహులు. కొమురవెల్లి మల్లన్న వలన మల్లయ్య, మల్లేశము. వేములవాడ రాజన్న వలన రాజయ్య, రాజేశము. పొలిమేర దేవతల వలన పోచయ్య, మైసయ్య, ఎల్లయ్య. మ్రొక్కు మతమును సైతము చూడలేదు. జాన్‌పహాడు దర్గాకు మ్రొక్కి నల్లగొండ సీమలోని హిందువులు బిడ్డలకు సైదులు, సైదమ్మ యని పేరిడుదురు. పైనుండి క్రిందికిని ఈ వరస సాగినది. ఇబ్రహీం కుతుబ్ షాహును తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచిరి. అతని కాలమందే పటాన్‌చెరువు పాలకుడు అమీన్‌ఖాను, పొన్నికంటి తెలగనార్యుని అచ్చతెలుగు కావ్యమగు యయాతి చరిత్రమును అంకితము గొనెను.

ఈ పేర్లలో పెంటయ్య, పెంటమ్మ యను వానిని విని నవ్వువారు కలరు. నవ్వదగినది అందేమియు లేదు. పుట్టిన బిడ్డలు దక్కని యింట మరియొక శిశువు పుట్టినప్పుడు, ఆ బిడ్డను పెంటకుప్పపై నుంచి, ఎవరో పాఱవేసిన దానిని ఏరి తెచ్చుకొన్నట్లు ఇంటికి తెచ్చుకొనుట ఆచారము. విలువలేని వస్తువును మృత్యువు కోరదని ఆ తల్లి ఆశ. మశూచి వచ్చినప్పుడు పోచమ్మను తలచుటయు ఆ భయమునుండియే. ఆ వ్యాధి మన దేశమున 1975లో అంతరించెను; 1980లో లోకమంతట నశించినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. దాని తరువాత పుట్టినవారిలో పెంటయ్యలు అరుదు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి, దస్తరములోనికి ఎక్కిన పేరు మరియొకటి. నిజాము రాజ్యమున పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున పారసీకమునకు మారుగా ఉర్దూ పరిపాలనా భాష యయ్యెను. ఆ వ్రాతలో హ్రస్వాచ్చుల గుర్తులను సాధారణముగా వేయరు. ఓకార ఊకారములకు ఒకే అక్షరము చాలును. పోచయ్య యని వ్రాసినదానిని పూచయ్య యని చదువుటకు అవకాశము కలదు. పైగా పహాణీలలో మనిషిని ఇంటిపేరుతో గాక తరచుగా 'వల్ద్' అను మాటతో, అనగా ఫలానా వాని కుమారుడని గుర్తించుచుండిరి. ఆ పేర్లు పిమ్మట తెలుగులోనికి ఎత్తి వ్రాయబడినవి. పొలము పొలముగా నున్నంత కాలము దీనివలన పెద్ద చిక్కు రాలేదు. నగరము పెరిగి గుంటకు గుంట లెక్కకు వచ్చిన పిమ్మట, 1954-55 నాటి ఖాస్రా పహాణీలోని పేరుగలవాడు తన తాతయే యని మనుమడు ఋజువు చేయవలసి వచ్చుచున్నది. పేరు వ్రాయు పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయినను, అతని కలము వ్రాసిన అక్షరములు రద్దు కాలేదు.

అంతకంటె బరువైన అన్యాయము మరియొకటి కలదు. పలుకుబడి గలవానిని ఇంటిపేరుతోను, శ్రమజీవిని కులము పేరుతోను పిలుచుట. సోమనాథుని యూరైన పాలకుర్తిలోనే, విసునూరు దేశముఖునకు ఎదురు నిలిచి తన పంటను కాపాడుకొన్న ఐలమ్మ ఉండెను. ఆమె ఇంటిపేరు చిట్యాల. ఆమెకును ఇంటిపేరు లేకపోలేదు. పలుకువారు దానిని పలుకలేదు. 1985లో ఆమె మరణించెను. 2024లో హైదరాబాదునందలి మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టినప్పుడును 'చాకలి ఐలమ్మ' యనియే పెట్టిరి. ఆ కులమువారు గర్వముతోనే ఆ మాటను నిలుపుకొనిరనుట నిజము. చిట్యాల అను మాట మరుగున పడుటయు నిజమే.

ఈ కట్టును తెంపుటకు పూనుకొన్నవారిలో భాగ్యరెడ్డివర్మ ముఖ్యుడు. 1888లో హైదరాబాదున పుట్టిన ఆయన అసలు పేరు మాదరి భాగయ్య. 'రెడ్డి' పదము పాలకుడను అర్థముగల 'ఱేడు' నుండి వచ్చినదని కుటుంబ గురువు చెప్పగా భాగ్యరెడ్డి యయ్యెను. 'వర్మ' 1913లో ఆర్యసమాజము ఇచ్చిన బిరుదు. తన పేరు మార్చుకొనుటతో ఆయన ఆగలేదు. పంచములను పిలుపును కాదని ఆది హిందువులను పేరును ప్రచారమునకు తెచ్చెను. 1931 జనాభా లెక్కలలో హైదరాబాదు రాజ్యము ఆ పేరునే స్వీకరించెను. పేరు వ్రాయువాని చేత తాము కోరిన పేరు వ్రాయించుట చిన్న విజయము కాదు.

ఇక స్త్రీల పేర్లు. పెండ్లితో ఇంటిపేరు మారును. కాని అత్తవారి యూరిలో కోడలిని పిలుచునప్పుడు ఆమె పుట్టినూరే పలుకును: దుండిగలామె, కొంపల్లామె. ఊరు విడిచిన పురుషునకు ఊరిపేరు ఇంటిపేరై మనుమల వరకు సాగగా, అదే తీరున ఊరు విడిచిన స్త్రీకి వచ్చిన పేరు ఏ కాగితము మీదను ఎక్కక ఆమెతోనే పోవుచున్నది. ఇంటిపేర్ల చరిత్ర వ్రాసినవారు ఈ సగమును విడిచినారు.

2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు కుత్బుల్లాపూర్ పురపాలకసంఘము అందు విలీనమైనది. జీడిమెట్ల కర్మాగారములకు శ్రీకాకుళము, పాలమూరు, ఒడిశా, బీహారుల నుండి పనివారు వచ్చి స్థిరపడిరి. పనిలో తోటివారు వారిని 'శ్రీకాకుళం', 'పాలమూరు' అని ఊరిపేరుతోనే కేకవేయుదురు. హాజరుపట్టీలో మాత్రము ఆధారు కార్డులోని పేరే వ్రాయుదురు.