విస్కోస్ వస్త్రం

కలప గుజ్జులోని సెల్యులోజ్‌ను రసాయనాలతో కరిగించి, మళ్లీ పోగులుగా మార్చి తయారుచేసే నార విస్కోస్. బట్టల దుకాణాల్లో దీన్ని ఎక్కువగా రేయాన్ అంటారు. ముడిసరుకు చెట్టు నుంచి వస్తుంది కాబట్టి ఇది పాలియెస్టర్, నైలాన్‌ల కోవలోకి రాదు. కర్మాగారంలో కరిగి రూపం మార్చుకుంటుంది కాబట్టి పత్తిలా సహజమైన నార అనీ చెప్పలేం. కుర్తీలు, నైటీలు, చీరలు, చొక్కాలు, లైనింగ్ బట్టల తయారీలో విరివిగా వాడతారు. పొడిగా ఉన్నప్పుడు మెత్తగా, చల్లగా ఉండే ఈ బట్ట తడిస్తే బలం కోల్పోతుంది. దీని సంరక్షణలో పాటించాల్సిన జాగ్రత్తలు చాలావరకు ఈ గుణాన్ని బట్టే ఏర్పడ్డాయి.

చరిత్ర

పట్టుకు చవకైన ప్రత్యామ్నాయం కోసం 19వ శతాబ్దపు ఐరోపాలో చాలామంది ప్రయత్నించారు. ఫ్రాన్స్‌కు చెందిన హిలేర్ ద షార్డొనే నైట్రోసెల్యులోజ్‌తో చేసిన కృత్రిమ పట్టును 1889 పారిస్ ప్రదర్శనలో ఉంచాడు. అది తేలిగ్గా నిప్పంటుకునేది. 1892లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్తలు చార్లెస్ క్రాస్, ఎడ్వర్డ్ బెవన్, క్లేటన్ బీడిల్ విస్కోస్ పద్ధతికి పేటెంట్ పొందారు. 1905లో కోర్టాల్డ్స్ సంస్థ కొవెంట్రీలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. మన దేశంలో 1950లో కేరళలోని పెరుంబావూర్‌లో ట్రావన్‌కూర్ రేయాన్స్, 1954లో మధ్యప్రదేశ్‌లోని నాగ్దాలో గ్వాలియర్ రేయాన్ (నేటి గ్రాసిమ్) ఉత్పత్తి ప్రారంభించాయి.

తెలుగు ప్రాంతాల్లో

ఇప్పటి ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలోని ఏపీ రేయాన్స్ కర్మాగారం విస్కోస్‌కు కావలసిన గుజ్జును కలప నుంచి తయారుచేసేది. తర్వాత బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ చేతికి వచ్చిన ఈ కర్మాగారంలో 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. సిర్పూర్ కాగజ్‌నగర్‌లోని సిర్‌సిల్క్ కూడా కృత్రిమ పట్టుకు పేరుపొందింది. అయితే అక్కడ తయారైంది సెల్యులోజ్ నుంచే వచ్చే అసిటేట్ అనే వేరే నార.

తయారీ

శుద్ధిచేసిన గుజ్జును కాస్టిక్ సోడాలో నానబెట్టి, పిండి, తురుముతారు. కొంతకాలం మాగనిచ్చి కార్బన్ డైసల్ఫైడ్‌తో కలిపితే అది నారింజరంగు పొడిగా మారుతుంది. ఆ పొడిని పలుచని కాస్టిక్ సోడాలో కరిగిస్తే తేనెలాంటి చిక్కటి ద్రవం వస్తుంది. దాన్ని వడకట్టి, సన్నని రంధ్రాల గుండా సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్న తొట్టిలోకి నెడితే సెల్యులోజ్ గట్టిపడి పోగులవుతుంది. కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి నరాలను, మెదడును దెబ్బతీస్తుంది. రేయాన్ మిల్లుల కార్మికులు తరతరాలుగా ఈ ప్రమాదానికి గురయ్యారు. అందువల్ల ఆ వాయువును బయటికి పోనీయకుండా తిరిగి పట్టుకోవడం ఈ పరిశ్రమ తప్పనిసరిగా నెరవేర్చాల్సిన బాధ్యత.

లక్షణాలు

గాలిలోని తేమను విస్కోస్ తన బరువులో 11 నుంచి 13 శాతం వరకు పీల్చుకుంటుంది. నూలు సుమారు 8 శాతం, పాలియెస్టర్ అర శాతం లోపే పీల్చుకుంటాయి. చెమటను పీల్చుకుంటుంది కాబట్టి ఉక్కపోతలో ఒంటికి హాయిగా ఉంటుంది. రంగు బాగా పడుతుంది, బట్ట జారుగా వేలాడుతుంది. నీళ్లలో మాత్రం పోగు ఉబ్బి, బలం దాదాపు సగానికి పడిపోతుంది. నూలు పోగు తడిస్తే మరింత గట్టిపడుతుంది. బండకేసి ఉతికినా నూలు బట్ట తట్టుకోవడానికి, విస్కోస్ చిరిగిపోవడానికి కారణం ఇదే.

గుర్తుపట్టడం

లేబుల్ లేకపోతే కుట్టు లోపలి నుంచి ఒక దారం లాగి, పటకారుతో పట్టుకుని వెలిగించి చూడవచ్చు. విస్కోస్ కాగితంలా కాలి, అదే వాసన వేసి, మెత్తటి బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. నూలు కూడా కాగితంలాగే కాలుతుంది కాబట్టి మరో దారాన్ని తడిపి లాగి చూడాలి. తడిసిన విస్కోస్ దారం సులువుగా తెగుతుంది.

ఉతకడం, ఆరబెట్టడం

లేబుల్‌పై డ్రైక్లీన్ మాత్రమే అని ఉంటే ఇంట్లో ఉతకకూడదు. లేనప్పుడు బట్టను తిరగేసి, చన్నీళ్లలో తేలికపాటి ద్రవ డిటర్జెంట్ కలిపి కొద్దిసేపు ముంచి, చేత్తో మెల్లగా నొక్కుతూ ఉతకాలి. రాత్రంతా నానబెట్టడం, బ్రష్షుతో రుద్దడం, మెలిపెట్టి పిండడం పనికిరావు. మెషీన్‌లో వేస్తే వల సంచిలో పెట్టి, సున్నితమైన బట్టలకు ఉద్దేశించిన సెట్టింగ్ వాడాలి. మొదటి ఉతుకులో రంగు దిగవచ్చు కాబట్టి విడిగా ఉతకడం మంచిది. బ్లీచింగ్ వాడకూడదు.

ఉతికాక తువాలులో చుట్టి నీరు అద్ది, చేత్తో సాగదీసి ఆకారం సరిచేసి నీడలో పరచాలి. బరువైన కుర్తీని తడిగా హ్యాంగర్‌కు తగిలిస్తే నీటి బరువుకు సాగిపోతుంది. కొద్దిగా కుంచించుకుపోయిన బట్టను ఆవిరి ఇస్త్రీ చేస్తూ మెల్లగా లాగితే కొంతవరకు పూర్వపు కొలతకు వస్తుంది. బట్ట కాస్త చెమ్మగా ఉన్నప్పుడే, లోపలివైపు నుంచి, మధ్యస్థ వేడితో ఇస్త్రీ చేయాలి.

నర్సీపట్నం వాతావరణంలో

అనకాపల్లి జిల్లాలో, ఏజెన్సీ కొండల అంచున ఉన్న నర్సీపట్నం వేసవి ఉక్కలో విస్కోస్ అనువైన బట్ట. వానాకాలంలో మాత్రం గాలిలో తేమ వల్ల ఆలస్యంగా ఆరుతుంది, బూజు పట్టే వీలుంది. వాన పడే రోజుల్లో ఫ్యాను కింద ఆరబెట్టి, పూర్తిగా పొడిబారాకే మడతపెట్టాలి. పాత పుస్తకాలను తినే వెండిరంగు పురుగులు సెల్యులోజ్ కోసం ఈ బట్టలనూ కొరుకుతాయి. కాబట్టి బీరువాను పొడిగా ఉంచి, అప్పుడప్పుడు తలుపులు తెరిచి గాలి తగలనివ్వాలి.

సంబంధిత నారలు

మోడల్ అనేది తడిలో కూడా ఎక్కువ బలం నిలుపుకునేలా మెరుగుపరచిన విస్కోస్. లయోసెల్‌ను కార్బన్ డైసల్ఫైడ్ లేకుండా, మళ్లీ వాడుకోగల ద్రావకంతో తయారుచేస్తారు. వెదురు బట్ట పేరుతో అమ్మే మెత్తటి బట్టల్లో చాలావరకు వెదురు గుజ్జుతో చేసిన విస్కోసే. వాటికీ పై జాగ్రత్తలే వర్తిస్తాయి.