పని నేర్పుటకు వ్యయ మెవ్వరిది?



కమ్మరికొలిమి యొద్ద తిత్తి నూదు కుర్రవానిని మీరందఱును చూచియే యుందురు. వాడు మొదట తిత్తి నూదును. పిదప బొగ్గు పోయును. కొన్నాళ్లకు సమ్మెట యెత్తును. ఆ పిమ్మటగాని పట్టకారు వాని చేతికి రాదు. ఈ నడుమ వాడు చెఱచిన యినుమెంత? వానికి నేర్పుటకై గురువు పోగొట్టుకొన్న ప్రొద్దెంత? పెట్టిన యన్నమెంత? ఈ వ్యయమును ఎవ్వరు భరింపవలయును? తండ్రియా, గురువా, ఊరివారా, ప్రభుత్వమా? ప్రశ్న చిన్నదియే. కాని బహుకాలముగా దేశదేశముల శాసనకర్తలు దీనికి సమాధానము వెదకుచున్నారు. ఆ చరిత్రమును సంగ్రహముగా మనవిచేసెదను.

మన ధర్మశాస్త్రకారులు ఈ విషయమును వ్యవహారకాండమునందే చర్చించిరి. శిల్పము నేర్చుకొనువానికి వారు పెట్టిన పేరు అంతేవాసి. అనగా గురువు చెంత నివసించువాడు. నారద యాజ్ఞవల్క్య స్మృతులు చెప్పిన పద్ధతి యిది: గడువు ముందుగానే నిర్ణయించుకొనవలయును. గురువు శిష్యుని తనయింట నుంచుకొని, అన్నము పెట్టి, కొడుకువలె చూచి పని నేర్పవలయును; వానిచే వేఱుపనులు చేయింపరాదు. శిష్యునకు విద్య ముందుగానే పట్టుబడినను, గడువు తీఱువఱకు వాడచ్చటనే యుండవలెను. ఆ కాలమున వాని చేతిపని ఫలము గురువునకే చెందును. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్య ననుసరించి, పదుమూడవ శతాబ్దమున కేతన తెలుగున విజ్ఞానేశ్వరమును వ్రాసెను. కావున ఈ ధర్మశాస్త్రసంప్రదాయము మనభాషకు క్రొత్తది కాదు.

ఇందలి లెక్క గమనింపుడు. మొదటి యేండ్లలో గురువునకు నష్టము; కడపటి యేండ్లలో లాభము. రెండును సరిపోవును. రాజు బొక్కసమునుండి కాసైన నీయనక్కఱలేదు. అయితే ఇందొక లోపము గలదు. విద్య చాలవఱకు కులమునందే, కుటుంబమునందే నిలిచిపోయెను. గురువును సంపాదించుకొనజాలని పేదబిడ్డకు, తల్లిదండ్రులు లేని బిడ్డకు దిక్కెవ్వరు?

ఇంగ్లండు దేశమున ఈ ప్రశ్న తలయెత్తెను. అచ్చట 1563లో ఎలిజబెత్తు రాణి ప్రభుత్వము చేసిన శాసనము ననుసరించి, ఏడేండ్లు శిష్యత్వము చేయనివాడు అప్పటి వృత్తులలో దేనిని అవలంబింపరాదు. 1601 నాటి పేదల చట్టము అనాథబాలురను వృత్తులలో నియమించు భారమును గ్రామాధికారులపై నుంచెను. పేదబిడ్డను చేర్చుకొను యజమానికి పేదలపన్నునుండి కొంత సొమ్ము ముట్టజెప్పు ఆచార మేర్పడెను. యజమానులకు ప్రజాధన మిచ్చి పని నేర్పించు పద్ధతికి ఇది పాతరూపము.

ఫలమేమాయెను? సొమ్ముకొఱకే బిడ్డను తీసికొని, సొమ్ము చేతబడగానే వానిని బాధించి పాఱిపోవునట్లు చేసిన యజమానులు బయలుదేఱిరి. దీనిని చూచి జోనాస్ హాన్వే యను పరోపకారి పాటుపడగా, లండను నగరపు పేదబిడ్డలకొఱకు 1767లో ఒక చట్టము వచ్చెను. దాని ప్రకారము ఆ రుసుమును ఒక్కమాఱుగా నీయక రెండు విడతలుగా నీయవలెను. రెండవ విడత మూడేండ్లు గడచినపిమ్మటనే. బిడ్డ నిలిచియున్నగాని సొమ్ము రాదన్నమాట. ఎంత లోకజ్ఞానము గల యేర్పాటు!

పిదప నూలుమిల్లులు వచ్చెను. లండను అనాథబాలురను బండ్ల కెత్తి దూరదేశపు మిల్లులకు పంపిరి. అచ్చట శిష్యుడను పేరే గాని నేర్పెడి విద్య లేదు, ఉన్నది చాకిరియే. 1802 చట్టము వారి పనిని దినమునకు 12 గంటలకు పరిమితముచేసి, రాత్రిపని నిషేధించి, చదువు చెప్పవలెనని విధించెను. 1816లో లండను బిడ్డలను 40 మైళ్లకు మించి పంపరాదని మఱియొక చట్టము చేసిరి. ఈ నడుమ 1814లోనే పాత యేడేండ్ల నిర్బంధము రద్దయినది.

మనదేశమున 1850లో ఆంగ్లప్రభుత్వము చేసిన అప్రెంటిసుల చట్టము ఈ ఇంగ్లీషు పద్ధతికి ఛాయయే. అది ముఖ్యముగా అనాథలను, ధర్మముచే పెరుగు పేదబిడ్డలను ఉద్దేశించినది. పదేండ్లు దాటి పదునెనిమిదేండ్లలోపు వయస్సు గలవారిని ఏడేండ్లకు మించని గడువునకు యజమాని కొప్పగింపవచ్చును.

ఇరువదవ శతాబ్దమున యంత్రశాలలు పెరిగినపుడు మఱియొక చిక్కు పుట్టెను. ఒక యజమాని యేండ్లతరబడి వ్యయపడి కుర్రవానికి పని నేర్పును. నేర్చినవానిని ప్రక్కవాడు నాలుగుకాసులు హెచ్చిచ్చి తీసికొనిపోవును. నాటినవాడొకడు, కోసికొనువాడొకడు. ఇట్లయిన నాటువాడెవ్వడు? దీనికి విరుగుడుగా బ్రిటనునందు 1964లో పారిశ్రామిక శిక్షణచట్టము చేసిరి. ఆయా పరిశ్రమలకు శిక్షణమండలు లేర్పడి, యజమానులందఱియొద్ద పన్ను వసూలుచేసి, పని నేర్పువారికి ఆ సొమ్మునుండి సహాయము చేసెను. 2017లో ఆ దేశముననే పెద్దసంస్థల జీతపుమొత్తముపై నూటికి అరవంతున అప్రెంటిసుపన్ను విధించిరి.

స్వతంత్రభారతమున 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చెను. ఇది యజమానులను నిర్బంధించి కుర్రవారిని చేర్చుకొనునట్లు చేసెను. పాఠముగా చెప్పవలసిన భాగమునకగు వ్యయమును ప్రభుత్వము వహించెను. 1973 సవరణచే ఇంజనీరుపట్టము, డిప్లొమా పొందినవారును చేరిరి; వారి భృతిలో సగము కేంద్రప్రభుత్వము భరించుట ఏర్పడెను. 2014లో యజమానులకు చెఱసాలశిక్ష తొలగించి, జరిమానా మాత్రము నిలిపిరి. 2016లో జాతీయ అప్రెంటిసుషిప్పు ప్రోత్సాహకపథకము వచ్చినపుడు, యజమాని యిచ్చు భృతిలో నాలుగవవంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండ, కేంద్రము తిరిగి యిచ్చునట్లు నిర్ణయించిరి. 2023లో ఆ వంతును యజమాని చేతి కీయక, కుర్రవాని బ్యాంకుఖాతాకే నేరుగా పంపు పద్ధతి నారంభించిరి. హాన్వే రెండు విడతలకును దీనికిని ఉద్దేశ మొక్కటియే: సొమ్ము నేర్చువానిని విడిచి తప్పిపోరాదు.

ఇంతయు పుస్తకములమాట. నా తప్పునొకదానిని చెప్పి ముగించెదను. నేను బడిలో నున్నకాలమున ఒక నేతగాని కొడుకు పదవతరగతి ముగించెను. వానిని పట్టణమునందలి యొక కర్మాగారమున చేర్పింపుమని తండ్రికి నేనే బోధించితిని. కాగితముపై ఫిట్టరుపని యని వ్రాసియుండెను. ఏడాది గడచెను. వాడు నేర్చినది నేల యూడ్చుట, పనివారికి తేనీరు తెచ్చుట. తిరిగివచ్చిన కొడుకును వెంటబెట్టుకొని తండ్రి నాయొద్దకు వచ్చి, ‘అయ్యవారూ, మగ్గముమీద కూర్చున్నను ఈపాటికి చీర నేసియుండెడివాడు’ అని మాత్ర మనెను. నిష్ఠురమాడలేదు. ఆ మాట నన్నిప్పటికిని విడువలేదు. వేఱుపనులు చేయింపరాదన్న నారదుని మాటను పిల్లలకు చెప్పిన నేను, ఆ కాగితమును ఒక్కమాఱైనను చదివియుండలేదు.

కావున పెద్దలారా, మీ యూరిబిడ్డను పనికి పంపునపుడు ప్రభుత్వ మెంత యిచ్చుచున్నదని మాత్రమే యడుగకుడు. ఒప్పందము నమోదైనదా? అందు వ్రాసిన వృత్తి యేది? నేర్పువాడెవ్వడు? గడువు తీఱినపుడు పరీక్షయు, యోగ్యతాపత్రమును గలవా? ఈ నాలుగును అడుగుడు. నెలకొకమాఱు పోయి బిడ్డ చేతిలో పనిముట్టున్నదో, చీపురున్నదో చూడుడు. ప్రజాధనము వ్యయమునకు సహాయపడగలదు. కన్నుంచి చూచుట మాత్రము మనవంతు.