ఒకే లిస్టులో రాయబడినోళ్లం: మన తెగలూ, కెన్యా, ఆస్ట్రేలియా ఆదివాసీలూ



మా హాస్టల్లో యానాదోళ్లం, ఎరుకలోళ్లం, సుగాలీలం ఒకే వరుసలో కూర్చుని తింటాం. కానీ ఊర్లో ఏదన్నా వస్తువు పోతే అందరి చూపూ ముందు మన కాలనీ మీదికీ, తండా మీదికీ ఎందుకు పోతుంది? దీని వెనకాల ఒక చట్టం ఉండాది.

బ్రిటిషోళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చినారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చినారు. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడాదే. ఎరుకలోళ్లను, సుగాలీల్లో, యానాదుల్లో కొన్ని గుంపులను పుట్టుకతోనే నేరస్తులని లిస్టులో రాసినారు. వేలిముద్రలు, స్టేషన్లో హాజరు, ఊరు దాటాలంటే పాసు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా అందులో ఉండేది.

అంతకుముందు ఎరుకలోళ్లు గాడిదల మీద, సుగాలీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్మినారు. సర్కారు ఉప్పు విధానంతో, రైళ్ల రాకతో ఆ బేరం దెబ్బతినింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వు అయ్యేకొద్దీ తేనె, గడ్డలు, మూలికల మీద బతికే యానాదోళ్లకు దారి మూసుకుపోయింది. బతుకుదెరువు తీసేసినోళ్లే దొంగలని పేరు పెట్టినారు.

ఇది మన ఒక్కరి కథ కాదు. కెన్యాలో అదే బ్రిటిషోళ్లు ఆఫ్రికా మగవాళ్ల దగ్గర ‘కిపాండె’ అనే గుర్తింపు కాగితం పెట్టించినారు. అందులోనూ వేలిముద్రే. దాన్ని డబ్బాలో పెట్టి మెడలో వేసుకు తిరగాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయినారు. ఆ జనం ఏళ్ల తరబడి కలిసి అడగ్గా, 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పినాడు.

మన దగ్గరా అడిగితేనే కదిలింది. నెల్లూరు వైపు వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం పనిచేస్తా ఈ చట్టం మీద పోరాడినారు. మద్రాసు రాష్ట్రంలో అది 1947లో రద్దయింది. తర్వాత దేశమంతటికీ వేసిన విచారణ కమిటీకి అధ్యక్షుడు మన తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్ గారే. కమిటీ రద్దు చేయమని చెప్పింది. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. అయితే దాని జాగాలో ‘అలవాటు నేరస్తుల’ చట్టాలు వచ్చినాయి, పాత అనుమానం అట్లనే మిగిలింది.

అందుకే ఒక మాట. మనలో మనమే తెగ పేరును తిట్టుగా వాడుకుంటే, ఆ లిస్టు రాసినోళ్ల పనిని మనమే చేసినట్లు. మా తెగ పెద్దది, మీ తెగ చిన్నది అనే పోటీ కూడా అంతే.

ఆగస్టు 31ని విముక్త జాతుల దినంగా జరుపుకుంటారు. ఈసారి ప్రతి హాస్టల్లో మూడు తెగల పిల్లలం కలిసి కూర్చుందాం. సెలవులకు పోయినప్పుడు అవ్వాతాతల్ని అడిగి, విన్నది నోటుబుక్కులో రాసుకొని రండి. ఆ పెద్దోళ్లు ఉండగానే అడగాల.