సిరొంచకు బడ్జెట్ ఓటు ఎంత దూరం?



ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, కాళేశ్వరానికి ఎదురొడ్డున ఉన్న మన సిరొంచ ఒకప్పుడు జిల్లా కేంద్రం. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వారికి దక్కిన ఈ ప్రాంతం ఎగువ గోదావరి జిల్లా అయింది. 1874లో ఆ జిల్లా రద్దయి, భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోకీ, సిరొంచ చాందా జిల్లాలోకీ వెళ్ళాయి. కచేరీ దూరమైంది. మన రోడ్డుకూ, బడికీ, దవాఖానాకూ డబ్బు మంజూరు చేసేదెవరన్న ప్రశ్న అక్కడే మొదలైంది.

1883 నాటి మధ్యపరగణాల స్థానిక స్వపరిపాలన చట్టం జిల్లా కౌన్సిలునూ, దాని కింద లోకల్ బోర్డులనూ ఏర్పరచింది. సభ్యులలో కొందరు ఎన్నికైనవారు, కొందరు సర్కారు నియమించినవారు. 1948లో వచ్చిన చట్టం జిల్లా కౌన్సిళ్ళను తీసివేసి తాలూకాకొక జనపద సభ అన్న పద్ధతి పెట్టింది. సభ ఇంటి ముంగిటికి వచ్చింది గాని, దాని చేతిలో డబ్బు తక్కువ.

1956లో విదర్భ బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. 1961 చట్టం ప్రకారం 1962లో జనపద సభలు పోయి జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు వచ్చాయి. ఇక్కడొక తేడా గమనించాలి. 1959లో షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్‌లో బలం సమితిది. మన వైపు బలం జిల్లా పరిషత్తుది. ఏటి అవతలి చుట్టం బ్లాకు ఆఫీసుకు వెళ్ళి అడిగే పనికి, ఇవతలివాడు చాందాకు పోవలసి వచ్చేది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడింది. సిరొంచకు దారి మాత్రం పెద్దగా తగ్గలేదు. ఇప్పటికీ రెండు వందల కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. అయితే చిన్న సభలో మన సభ్యుడి చేతికి బరువు పెరిగింది.

సిరొంచ తాలూకా షెడ్యూల్డు ప్రాంతం. అందువల్ల 1996 నాటి పెసా చట్టం ఇక్కడి పల్లెలకు వర్తిస్తుంది. పంచాయతీ చేసే పనుల ప్రణాళికను ముందుగా గ్రామసభ ఆమోదించాలి. ఖర్చయ్యాక నిధులు సరిగా వాడారన్న ధ్రువపత్రమూ గ్రామసభే ఇవ్వాలి. అంటే పైసా పోయేటప్పుడూ, లెక్క తేలేటప్పుడూ ఊరి మాట కావాలి. 2015లో సిరొంచ పట్టణం నగర పంచాయతీ అయింది. అక్కడ బడ్జెట్‌కు ఓటు వేసేది 17 వార్డుల సభ్యులే. పట్టణవాసికి గ్రామసభ లేదు.

ఈ చరిత్రలో చేదు అధ్యాయం కూడా ఉంది. 2017లో ఎన్నికైన గడ్చిరోలి జిల్లా పరిషత్తు గడువు 2022 మార్చిలో ముగిసింది. ఎన్నికలు వెంటనే జరగలేదు. ఆ తరువాత కొన్నేళ్ళు బడ్జెట్‌ను ఆమోదించింది ప్రశాసకుడే. అంకెలు ఉన్నాయి, చేయెత్తేవారు లేరు. ఏ ఊరి బోరుబావి ఎందుకు వెనకబడిందని నిండు సభలో అడిగే నోరు లేకపోయింది.

మనకు దగ్గరగా సభ ఉన్న రోజుల్లో డబ్బు లేదు. డబ్బు వచ్చిన రోజుల్లో సభ దూరమైంది. ఆ దూరాన్ని ఎంతో కొంత తగ్గించే ఉపాయం నేడు గ్రామసభ ఒక్కటే. కాగితాలు మరాఠీలో ఉన్నా, అడిగే హక్కుకు భాష అడ్డు కాదు. చదివి తెలుగులో చెప్పమని కోరండి. అర్థమయ్యాకే చేయెత్తండి.